చెప్పి తీసుకువెళ్ళండి: పెంపుడు జీవాలను పోగొట్టుకున్న పిల్లల తరఫున బహిరంగ లేఖ

గోదావరి డెల్టాలో పనిచేస్తున్న పశువైద్యులకు, పశుసంవర్ధక సహాయకులకు, ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు, పంచాయతీ కార్యదర్శులకు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు. ఇంట్లో కుక్కో కోడో దూడో ఉన్న తల్లిదండ్రులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఈ డెల్టా బడుల్లో చిన్న తరగతులకు పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేసినదాన్ని. ఇప్పుడు సాయంత్రాలు మా వీధిలోని పిల్లలను అరుగు మీద కూర్చోబెట్టుకుని ఎక్కాలు చెప్పిస్తుంటాను. ఈ లేఖలోని సంగతులనే ఇంతకు ముందు అర్జీగా రాసి ఒక కార్యాలయంలో ఇచ్చాను. కొన్నాళ్ళకు అర్జీ పరిష్కారమైందని ఫోనుకు సందేశం వచ్చింది. ఈలోగా నన్ను ఎవరూ పిలవలేదు, ఊళ్ళోకి ఎవరూ రాలేదు. వెళ్ళి అడిగితే అక్కడి ఉద్యోగి కాగితం అటూ ఇటూ తిరగేసి, "కోళ్ళకు పరిహారం అందలేదనా అమ్మా?" అన్నారు. కాదన్నాను. "మరి ఇందులో సమస్య ఏముంది?" అన్నారు. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే ఆయనకు అంతుపట్టలేదు. అంతుపట్టనిది ఆయన ఒక్కరికే కాదు కాబట్టి ఇప్పుడు అందరికీ కలిపి రాస్తున్నాను.

సమస్య ఇది. పిల్లలు పెంచుకున్న జీవం చనిపోయినా, రోగం వల్ల దాన్ని చంపవలసి వచ్చినా, అమ్మేసినా, ఎక్కడో వదిలేసినా మనం వారికి నిజం చెప్పడం లేదు. "పారిపోయింది" అంటున్నాం, "ఆసుపత్రికి తీసుకువెళ్ళారు" అంటున్నాం, ఎక్కువ అడిగితే కసురుకుంటున్నాం. మనం పిల్లలకు చెప్పకుండా పనులు చేస్తే పిల్లలూ మనకు చెప్పకుండా పనులు చేస్తారు. ఆ దాపరికం పిల్లల మనసుతో ఆగదు, ఊరి ఆరోగ్యం మీదికి వస్తుంది. అందుకే ఇది మీ అందరి శాఖల పని అంటున్నాను.

ముందుగా బర్డ్ ఫ్లూ నాటి సంగతి. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోనూ పెరవలి మండలం కానూరు వైపునా కోళ్ళఫారాల్లో ఆ వ్యాధి ఉన్నట్టు భోపాల్ ప్రయోగశాల తేల్చింది. అలాంటప్పుడు వ్యాధి బయటపడిన చోటి నుంచి కిలోమీటరు లోపల ఉన్న కోళ్ళన్నింటినీ చంపి పూడ్చాలి, పది కిలోమీటర్ల వరకు నిఘా పెట్టాలి. ఆ కిలోమీటరులో ఫారం కోడి, పెరటి కోడి అన్న తేడా లేదు. నిబంధన సరైనదే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. తెల్ల కిట్లు వేసుకుని ఆ ఎండలో చెమటలు కక్కుతూ ఆ పని చేసిన సిబ్బంది కష్టం కూడా తక్కువది కాదు.

అలా కోళ్ళను తీసిన ఒక ఊరిలో (పేరు రాయను) మూడో తరగతి చదివే ఒక పిల్లవాడు నల్ల పెట్టను పెంచుకున్నాడు. సిబ్బంది పక్క వీధి దాకా వచ్చారని తెలిసి పుస్తకాల సంచి ఖాళీ చేశాడు, పెట్టను అందులో పెట్టాడు, అటక ఎక్కాడు. పుస్తకాలన్నీ మంచం కింద కుప్పగా పడి ఉన్నా ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఆ రాత్రంతా సంచి పక్కనే, ముఖానికి జానెడు దూరంలో కోడి ముక్కు ఉండేలా పడుకున్నాడు. తెల్లవారి అది అరిస్తే పొరుగింటివారు చెప్పారు. సిబ్బంది మళ్ళీ వచ్చారు, సంచితో సహా తీసుకువెళ్ళారు. తిట్టలేదు, కొట్టలేదు. కానీ వాడితో ఒక్క మాట కూడా ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళ నాయనమ్మ మాత్రం, "ఆసుపత్రికి తీసుకువెళ్ళారు నాన్నా, తగ్గాక తెచ్చేస్తారు" అంది. వాడు నమ్మాడు. నమ్మి రోజూ బడి నుంచి రాగానే వీధి చివర నిలబడి ఆ వాహనం కోసం చూశాడు.

తర్వాత బడిలో మధ్యాహ్న భోజనంలో గుడ్డు ముట్టడం మానేశాడు. పొగరనుకుని కసిరారు. ఆ భోజన పథకానికి ఇప్పుడు పేరుగా ఉన్న డొక్కా సీతమ్మ గారు మన లంకల గన్నవరం ఆవిడే. అడిగినవాడికల్లా అన్నం పెట్టిన ఆ తల్లి, ఒక పిల్లవాడు తినకపోతే ముందు ఎందుకు తినడం లేదని అడిగి ఉండేది. చివరికి వాడే ఒక రోజు మా అరుగు మీద లెక్క మధ్యలో ఆపి నన్ను అడిగాడు: "టీచర్, నాకు జ్వరం వస్తే నన్నూ అలాగే తీసుకువెళతారా?"

ఆ రాత్రి ఆ కోడికి వ్యాధి ఉందో లేదో మనకు తెలియదు. వాడికి ఏమీ కాలేదు. కానీ ఆ మరుసటి నెలలోనే మన రాష్ట్రంలో రెండేళ్ళ పాప ఇదే వైరస్ సోకి చనిపోయింది. కిలోమీటరు గీత గీసి, కిట్లు వేసుకుని, సున్నం చల్లి మనం చేసిన ఏర్పాటంతటినీ ఒక ఎనిమిదేళ్ళ పిల్లవాడు పుస్తకాల సంచితో దాటేశాడు. వాడితో ముందు రోజు ఎవరైనా ఒక పది నిమిషాలు మాట్లాడి ఉంటే దాటేవాడు కాదని నా నమ్మకం.

"మన ఇళ్ళలో కోళ్ళను పెంచేదే కూరకు, దానికి ఇంత రాద్ధాంతమా?" అని మీలో కొందరు అనుకుంటారని తెలుసు. ఆదివారం కోసిన కోడికీ, తాను పేరు పెట్టి చేతిలో నూకలు తినిపించిన కోడికీ తేడా పల్లెటూరి పిల్లలకు బాగా తెలుసు. పట్నం పిల్లల కన్నా మన పిల్లలు చావును దగ్గరగా చూస్తారు, తట్టుకుంటారు కూడా. పెద్దవాళ్ళు మాయమాటలు చెప్పారని తర్వాత తెలిసినప్పుడే తట్టుకోలేరు. ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడని పిల్లలకు కథ చెబుతాం. కుక్క చచ్చిపోయి వాళ్ళు ఏడిస్తే, "కుక్క కోసం ఏడుస్తారా ఎవరైనా" అంటాం.

ఇక దీని వల్ల మామూలు జనానికి జరిగే నష్టాలు వరుసగా:

1. కుక్క కాటును పిల్లలు దాస్తున్నారు. అన్నింటికన్నా ప్రమాదకరమైనది ఇదే. మన వైపు అలవాటు ఒకటుంది. కుక్క ఎవరినైనా కరిస్తే, లేదా పిల్లలు పెట్టి బరువైతే, గోనెసంచిలో వేసి పంటు మీద ఏరు దాటించి అవతలి ఒడ్డున వదిలేస్తారు. పిల్లలకు పారిపోయిందని చెబుతారు. ఏ పిల్లవాడూ దాన్ని పూర్తిగా నమ్మడు. కుక్క కరిచింది, ఆ తర్వాత కుక్క కనిపించలేదు: ఈ రెండింటినీ వాడు కలుపుకుంటాడు. తర్వాత వచ్చిన కుక్కపిల్ల గోరు గీసినా, పన్ను దిగినా చొక్కా చేయి కిందికి లాక్కుని ఊరుకుంటాడు. మా అరుగు మీద ఒక పాప పలక పట్టుకోవడానికి ఎడమ చేయి చాచడం లేదేమని చూస్తే మోచేతి కింద రెండు పంటి గాట్లున్నాయి. "చెబితే బుజ్జిని కూడా పంటు ఎక్కిస్తారు" అంది. వెంటనే ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళారు, టీకాలన్నీ వేయించారు, పాప బాగుంది. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. అదే గాయాన్ని వెంటనే సబ్బు పెట్టి ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, వైద్యులు చెప్పిన రోజుల్లో అన్ని మోతాదులూ వేయించుకుంటే నివారించదగిన జబ్బు. మధ్యలో అడ్డు పడుతున్నది మందు కొరత కాదు, పిల్లవాడి భయం. పెంచిన జీవాన్ని అలా దిక్కులేకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరమని కూడా చాలామందికి తెలియదు.

2. పిల్లలు తప్పు తమ నెత్తిన వేసుకుంటున్నారు. అయిదేళ్ళ లోపు వారికి చావు అంటే తిరిగి రాకపోవడమని తెలియదు. ఇప్పుడు ఏడ్చి, కాసేపటికి ఆడుకుని, మళ్ళీ "ఎప్పుడొస్తుంది?" అని అడుగుతారు. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు ఓపిగ్గా చెప్పాలి. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ వయసులో చాలామంది, తాము కోప్పడినందుకో, నీళ్ళు పెట్టడం మరిచినందుకో అది చచ్చిపోయిందని లోలోపల అనుకుంటారు. అడగందే చెప్పరు. తొమ్మిది, పదేళ్ళు దాటిన వారికి అది అంతమని తెలుసు. వారి ప్రశ్నలు వేరు: ఎలా చనిపోయింది, నొప్పి పుట్టిందా, డాక్టరు దగ్గరికి ఎందుకు తీసుకువెళ్ళలేదు? ఆ చివరి ప్రశ్నకు డబ్బు లేక అనేది నిజమైన జవాబయితే అదే చెప్పండి. పేదరికం పిల్లలకు కొత్త కాదు. జవాబు దొరకని పిల్లవాడు కోపం పెంచుకుంటాడు, లేదా రాత్రిళ్ళు పక్క తడుపుతాడు, కడుపునొప్పి అని బడి మానేస్తాడు. తల్లి కూలి మానుకుని ఆసుపత్రి చుట్టూ తిరుగుతుంది, పొట్టలో ఏమీ లేదని మందుల చీటీ రాసి పంపిస్తారు.

3. "సూది వేస్తే నిద్రపోయింది" అన్న మాట టీకాలకు అడ్డం పడుతోంది. నయం కాని జబ్బుతో బాధపడే కుక్కకు పశువైద్యులు మందు ఇచ్చి బాధ లేకుండా ప్రాణం పోనిస్తారు. ఇంటికి వచ్చి పిల్లలకు నిద్రపోయిందంటాం. ఆ రాత్రి నుంచి పిల్లకు నిద్ర అంటే భయం, బడికి టీకాలు వేయడానికి వచ్చిన నర్సు అంటే భయం.

4. కాలువలు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది నేరుగా మనం తాగే నీటి సంగతి. మన దగ్గర చచ్చిన జంతువును పూడ్చే చోటు లేదు. ఇంటి స్థలం రెండు సెంట్లు, మిగతాది వరి చేను, లేదా చేపల చెరువు. వానాకాలంలో చాలాచోట్ల రెండు మూడు అడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. దాంతో చీకటి పడ్డాక తీసుకువెళ్ళి కాలువలో వేస్తారు. ఆ కాలువ నీటితోనే ఊళ్ళలో మంచినీటి చెరువులు నింపుకుంటాం. ఒక లాకుల దగ్గర గుర్రపుడెక్కలో చిక్కుకుని ఉబ్బిన కుక్కను ఆటోలో బడికి వెళ్ళే పిల్లలందరూ చూశారు. దాని మెడకు ఎర్ర రిబ్బను ముడి ఉంది. ఆ ముడి వేసిన పిల్ల ఆ ఆటోలోనే ఉంది. కుక్క ఊరికి వెళ్ళిందని వాళ్ళమ్మ అంతకు రెండు రోజుల ముందే చెప్పింది. ఆటో నడిపే అబ్బాయి పాపం బండి తిప్పి పిల్లను ఇంటికి చేర్చాడు, ఆ రోజు అతనికి ఉన్న ఇంగితం మనలో ఎవరికీ లేకపోయింది. కాలువ బాధ ఒక్క పిల్లది కాదు. ఆ నీరు తాగే ప్రతి ఊరిదీ.

5. వరద. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు ఏటి మధ్య లంకల్లో ఏమైందో మీకు చెప్పనక్కర్లేదు. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఇస్తారు. పడవలో మనుషులకే చోటు లేదు, నిజమే. మనుషులే ముందు, అందులో వాదన లేదు. కానీ పడవ ఎక్కేటప్పుడు గేదె పలుపు, కుక్క గొలుసు విప్పడానికి నిమిషం చాలు. విప్పి వదిలితే కొన్ని ఈది ఏటిగట్టు ఎక్కుతాయి. కట్టేసి వచ్చిన దూడ గురించి పునరావాస కేంద్రంలో పిల్లవాడు అడిగితే, ఏ తల్లి ఏమని చెబుతుంది? పశువు కోసం వెనక్కి ఈదుకుంటూ వెళ్ళాలనుకునే వారిలో పెద్దవాళ్ళూ ఉంటారు. మొదటి హెచ్చరికకే, అంటే పది లక్షల క్యూసెక్కుల దగ్గరే, జీవాలను గట్టు మీదికి చేర్చే ఏర్పాటు ఉంటే ఈ ప్రశ్నే రాదు.

6. సంక్రాంతి పుంజు. కోడిపందేల మీద చట్టం, హైకోర్టు ఆదేశాలు, నిషేధం సంగతి నేను రాయను. ఏటా జనవరిలో పత్రికలు రాస్తూనే ఉన్నాయి, బరులు లేస్తూనే ఉన్నాయి. తండ్రులకు ఒక్క మాట. పుంజుకు చోళ్ళు, బాదం పప్పు తినిపించేది, పొద్దున్నే చెరువులో ఈత కొట్టించేది చాలా ఇళ్ళలో పిల్లలే. నెలల తరబడి ఆ డేగ పుంజు వాడిది. భోగి నాడు కాలికి కత్తి కట్టేటప్పుడు మాత్రం అది మీది. ఓడిన పుంజు కూరై ఇంటికి వస్తే, కంచం ముందు కూర్చోబెట్టి "తిను, బలం" అనకండి. పందెం మానమంటే మీరు వినరు, కనీసం ఆ పెంపకం పని పిల్లలకు అప్పగించకండి.

7. హాస్టల్ పిల్లలు. గురుకులంలో చదివే పిల్లకు పరీక్షలు పాడవుతాయని కుక్క చనిపోయిన సంగతి చెప్పరు. సెలవులకు వచ్చి గుమ్మంలో పేరు పెట్టి పిలిస్తే అప్పుడు చెబుతారు. అప్పటికి అది పోయి మూడు నెలలు. నాన్న ఫోనులో "బాగానే ఉంది" అన్న ప్రతిసారీ అబద్ధమాడాడని పిల్లకు అర్థమవుతుంది. ఇక ముందు ఆయన "నాయనమ్మ బాగానే ఉంది" అన్నా నమ్మదు.

ఎలా చెప్పాలని చాలామంది తల్లులు నన్ను అడిగారు. నాకు తెలిసినంతలో ఇలా. ఇంట్లో పిల్ల ఎక్కువగా నమ్మేవారు చెప్పాలి. కూర్చోబెట్టి, పక్కన కూర్చుని, పొట్టి మాటల్లో: "బుజ్జి చనిపోయింది. దాని ఒళ్ళు పనిచేయడం ఆగిపోయింది. ఇక లేవదు, తిరిగి రాదు. ఇప్పుడు దానికి నొప్పి లేదు, ఆకలి లేదు. నువ్వు చేసినదాని వల్ల కాదు." అంతే. దేవుడి దగ్గరికి వెళ్ళిందని మీ నమ్మకమైతే అదీ చెప్పండి, కానీ చనిపోయిందన్న మాట ముందు చెప్పాక చెప్పండి. లేకపోతే దేవుడి దగ్గరి నుంచి ఎప్పుడొస్తుందని అడుగుతారు. రోగం వల్ల చంపవలసి వస్తే, ఆ రోగం ఇతర కోళ్ళకూ మనుషులకూ అంటుతుందని, మనుషులకు జ్వరం వస్తే అలా చేయరని, మందు ఇస్తారని విడిగా చెప్పాలి. నన్ను అడిగిన పిల్లవాడికి కావలసిన జవాబు అదే.

మీకు కన్నీళ్ళు వస్తే దాచుకోవద్దు. చూడాలంటే చూడనివ్వండి, వద్దంటే బలవంతం చేయవద్దు. మామూలుగా చనిపోయిన జీవమైతే గోతిలో పిడికెడు మట్టి వేయనివ్వండి, పైన ఒక మందార కొమ్మ గుచ్చనివ్వండి. అంటురోగంతో పోయినదైతే తాకనివ్వకూడదు. దూరం నుంచి చూపించి, తర్వాత బొమ్మ వేయించండి, లేదా దాని గురించి నాలుగు మాటలు రాయించండి. మర్నాడే సంతకు వెళ్ళి ఇంకో కోడిపిల్లను తెచ్చి చేతిలో పెట్టకండి. పాతదాన్ని మరిచిపోమని చెప్పినట్టుంటుంది. పిల్ల తనంతట తాను అడిగేదాకా ఆగండి. కొన్ని వారాలైనా తిండి, నిద్ర, బడి దారిలో పడకపోతే 14416కు ఫోను చేయండి. టెలి మానస్ అనే ఆ ప్రభుత్వ సేవ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంకా ఎక్కువ సిద్ధాంతాలు నాకు రావు.

ఇక మిమ్మల్ని అడుగుతున్నవి:

1. అంటువ్యాధి వచ్చి జీవాలను తీసే ముందు ఆ ఊరి అంగన్‌వాడీ కార్యకర్తకో ఆశా కార్యకర్తకో ముందుగా కబురు పెట్టండి. పని మొదలయ్యే ముందు వారు పిల్లలను బడి దగ్గర కూర్చోబెట్టి ఏం జరగబోతోందో, ఎందుకో చెప్పాలి. దాచిన కోడి ఏదైనా ఉంటే చెప్పమని, చెబితే ఎవరూ తిట్టరని అక్కడే మాట ఇవ్వాలి. కోళ్ళను చంపే పని బడి వేళల్లో, పిల్లల కంటికి కనిపించని చోట జరగాలి. దీనికి అదనపు బడ్జెట్ అక్కర్లేదు.

2. పెరటి కోళ్ళకూ పరిహారం ఉంది. లెక్క రాసుకునేటప్పుడు ఇంటివారికి ఆ మాట చెప్పి, రాసిన సంఖ్య చూపించండి. ఇది పాత గొడవ, ఇక్కడ ఇంతకన్నా రాయను.

3. పశువైద్యులకు: మీ బల్ల మీద జీవం పోయినప్పుడు గుమ్మం దగ్గర పిల్ల నిలబడి ఉంటే, యజమానితో మాట్లాడాక రెండు నిమిషాలు ఆ పిల్లతోనూ మాట్లాడండి. మీరు చెప్పిన మాటను పిల్లలు ఇంట్లో వాళ్ళ మాట కన్నా ఎక్కువ నమ్ముతారు. ముఖ్యంగా "ఇది నీ తప్పు కాదు" అనే మాట.

4. ఏటా జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం పేరిట మీ ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తున్నారు. ఆ రోజు కుక్కను పట్టుకుని వచ్చేది ఎక్కువగా పిల్లలే. కాటును దాచవద్దని, చెబితే కుక్కను చంపరని, టీకా వేయించిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూస్తారని ఆ రోజే అక్కడే చెప్పండి. ఆ ముక్క గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

5. ప్రతి పంచాయతీ మెరక స్థలంలో, బావులకూ చెరువులకూ దూరంగా, చచ్చిన జీవాలను పూడ్చడానికి కొంత చోటు కేటాయించాలి. గొయ్యి తవ్వే మనిషి, సున్నం, బ్లీచింగ్ పొడి సిద్ధంగా ఉండాలి. లంక గ్రామాల్లో మెరక దొరకకపోతే రెండు మూడు పంచాయతీలకు కలిపి ఒకటైనా చూడండి. కాలువలో వేసేవారికి జరిమానా వేయడం ఆ తర్వాతి సంగతి. చోటు చూపించకుండా జరిమానా వేస్తే చీకటి పడేదాకా ఆగుతారు, అంతే తేడా.

6. వరద ముందు సమావేశాల్లో జీవాలను తరలించే పనికి ఊరివారీగా ఒక మనిషి పేరు రాయండి. గట్టు మీద మేత, నీరు ఎక్కడ ఉంచుతారో మొదటి హెచ్చరిక నాడే చాటింపు వేయించండి. చివరి పడవ దాకా ఎవరూ పట్టించుకోకపోతే కనీసం పలుపులు విప్పమని పడవ నడిపేవారికి చెప్పి పంపండి.

7. ఉపాధ్యాయ సోదరులకు, సోదరీమణులకు: శిక్షణ తరగతుల్లో మీకు బోలెడు చెబుతారు. అందులో ఒక పూట ఈ విషయానికి ఇమ్మని మీరే అడగండి. అది జరిగేదాకా, పెంపుడు జీవం పోయిన పిల్లను ఆ రోజు బోర్డు దగ్గరికి పిలవకండి, మిగతా పిల్లలు నవ్వితే ఊరుకోకండి. గుడ్డు తినని పిల్లకు అరటిపండో మరొకటో ఇప్పించి, కొన్నాళ్ళు వదిలేయండి.

8. ఈసారి అర్జీని మూసే ముందు ఒక మనిషిని పంపండి. నా దగ్గరికి కాదు, నేను చెప్పవలసినది చెప్పాను. ఆ పిల్లవాడి ఇంటికి పంపండి. వాడికి ఇప్పుడు నాలుగో తరగతి పూర్తయింది, కోడి తిరిగి రాదని వాడికి ఎప్పుడో తెలిసిపోయింది. ఎందుకు తీసుకువెళ్ళారన్నది మాత్రం ఆ పని చేసిన శాఖవారు ఎవరూ ఈ రోజు వరకు చెప్పలేదు. జూన్‌లో బడులు తెరిచేలోగా ఎవరో ఒకరు వెళ్ళి చెప్పాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు
గోదావరి డెల్టా